మొదటి విడతకు వచ్చినవారు మళ్లీ ఎందుకు రావడం లేదు? మన పల్లెల్లో క్యాన్సర్ ముందస్తు పరీక్షల గురించి

ప్రశ్న: చంపావతి (విజయనగరం జిల్లా)

అందరికీ నమస్కారం. నేను విజయనగరం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక మండలంలో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో సీహెచ్‌ఓగా (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుగా) పనిచేస్తున్నాను. ముప్పై ఏళ్లు దాటిన వారందరికీ నోటి క్యాన్సర్, ఆడవారికి అదనంగా రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్నాయేమో లక్షణాలు కనబడకముందే చూడడం మా విధుల్లో ఒక భాగం. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ప్రశ్నాపత్రం నింపుతారు. అందులో పేర్లున్నవారు క్లినిక్‌కు వస్తే మేము పరీక్షించి, అనుమానం ఉన్నవారిని పై ఆసుపత్రికి రాసి పంపుతాము.

మొదటి విడత ప్రచారం జరిగినప్పుడు ఆడవారు బాగానే కదిలివచ్చారు. డ్వాక్రా సంఘాల సమావేశాల్లో చెప్పాము, సంఘం లీడర్లు ముందు తాము పరీక్ష చేయించుకుని తక్కినవారిని వెంటబెట్టుకుని వచ్చారు. కొన్నాళ్ల తరువాత రెండో విడతకు అవే వీధులు తిరిగితే చాలా ఇళ్లలో "మొన్ననే చూశారు గదమ్మా, మళ్లీ ఏటికి?" అన్నారు. మొదటిసారి రానివారు రెండోసారీ రాలేదు. మగవారి సంగతి ఇంకా కష్టంగా ఉంది. వేటకు వెళ్లేవారు తెల్లవారుజామునే వెళ్లిపోతారు, కూలికి వెళ్లేవారు హైదరాబాదులోనో చెన్నైలోనో ఉంటారు, ఊళ్లో ఉన్న పెద్దవారు "నాకేటీ నేదు, నానెందుకు రావాల?" అంటారు.

నెలవారీ సమీక్షలో మా క్లినిక్ అంకెలు తగ్గినట్టు కనిపిస్తున్నాయి. అంకెల కోసం మాత్రమే అడగడం లేదు. ఆలస్యంగా గుర్తించడం వల్ల చేయిదాటిపోయిన వారిని ఈ ఉద్యోగంలో చూస్తున్నాను కాబట్టి ఈ విషయం నన్ను వదలడం లేదు. ఒక ఊరిలో ప్రజల భాగస్వామ్యం కాలక్రమంలో పెరిగిందా తరిగిందా అన్నది అసలు దేనితో కొలవాలి? ఒకసారి వచ్చినవారు మళ్లీ రావాలంటే, ఎప్పుడూ రానివారు ఒక్కసారైనా రావాలంటే వేరే చోట్ల ఏమి చేశారు? అనుభవం ఉన్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత వైద్యుడు, ప్రజారోగ్య విభాగం

అమ్మా చంపావతీ, ముందు ఒక విషయంలో మీ మనసు కుదుటపడాలి. 2016లో కేంద్ర ప్రభుత్వం ఈ మూడు క్యాన్సర్ల పరీక్షలకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మధ్యవారిని అయిదేళ్లకొకసారి చూస్తే సరిపోతుంది. మొదటి విడతలో పరీక్ష చేయించుకుని ఏమీ లేదని తేలిన ఆడమనిషి మరుసటి ఏడు రాకపోతే ఆమెను వెనక్కి తగ్గినవారిలో లెక్కించకూడదు. ఆమె వంతు ఇంకా రాలేదంతే. విడత విడతకూ ఎందరు వచ్చారన్న అంకెను పక్కపక్కన పెట్టి చూస్తే మొదట బాగా పనిచేసిన క్లినిక్కే తరువాత వెనకబడినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే పరీక్ష కావలసినవారు అక్కడ తక్కువమంది మిగిలి ఉంటారు. సమీక్షలో ఈ మాట మీరు గట్టిగా చెప్పవచ్చు.

మరి దేనితో కొలవాలి? మీ పరిధిలో 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్నవారు ఎందరు, వారిలో గడచిన అయిదేళ్లలో కనీసం ఒక్కసారి నిజంగా పరీక్ష జరిగినవారు ఎందరు అన్నది మొదటి కొలత. "నిజంగా" అన్న మాటను కావాలనే వాడుతున్నాను. ప్రశ్నాపత్రం నింపడం వేరు, నోరు తెరిపించి టార్చి వేసి చూడడం వేరు, గర్భాశయ ముఖద్వారం కనబడేలా స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి, ఎసిటిక్ ఆమ్లం అద్ది, తెల్లమచ్చ పడుతుందేమో ఒక నిమిషం ఆగి చూడడం వేరు. మొదటిదాన్ని కూడా పరీక్షగా లెక్క రాస్తే కాగితం మీద ఊరంతా పూర్తయినట్టు ఉంటుంది, జబ్బు మాత్రం దొరకదు. రెండో కొలత, అనుమానం ఉందని తేలినవారిలో ఎందరు పై ఆసుపత్రికి వెళ్లి బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) దాకా, అవసరమైతే చికిత్స దాకా చేరారన్నది. నన్నడిగితే ఈ రెండోదే ముఖ్యం.

కాలక్రమంలో పోల్చేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో చెప్పడానికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలనే చూడండి. 2015-16లో జరిగిన నాలుగో సర్వే ప్రకారం గర్భాశయ ముఖద్వారాన్ని ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్న మహిళలు 22.3 శాతం, రొమ్ము పరీక్ష 9.8 శాతం, నోటి పరీక్ష 12.4 శాతం. 2019-21 నాటి అయిదో సర్వేలో అవే మూడు అంకెలు 1.9, 0.9, 0.9 శాతంగా వచ్చాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి దేశంలో పరీక్షలు కుప్పకూలాయని రాసినవారు ఉన్నారు, కానీ అది పొరపాటు. నాలుగో సర్వే 15 నుంచి 49 ఏళ్లవారిని ఏ కారణం చేతనైనా ఆ భాగానికి పరీక్ష జరిగిందా అని అడిగింది. కాన్పుకు వెళ్లినప్పుడు, తెల్లబట్ట అయినప్పుడు జరిగిన పరీక్షలన్నీ అందులో కలిసిపోయాయి. అయిదో సర్వే 30 నుంచి 49 ఏళ్లవారిని ప్రత్యేకించి క్యాన్సర్ కోసం పరీక్ష జరిగిందా అని అడిగింది. వయసు మారింది, ప్రశ్న మారింది, కనుక అంకె మారింది. అయితే ప్రశ్న సూటిగా అడిగినప్పుడు వందలో ఇద్దరు కూడా లేరని తేలడం మాత్రం మనందరం బరువుగా తీసుకోవలసిన విషయం. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1,27,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80,000 మంది చనిపోతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టుకున్న లక్ష్యం, 2030 నాటికి 70 శాతం మహిళలకు 35వ ఏటికల్లా ఒకసారి, 45వ ఏటికల్లా మరోసారి మేలైన పరీక్ష జరగాలని. ఆ 70కీ మన 1.9కీ మధ్య ఉన్న దూరాన్ని దాటించవలసింది మీలాంటి క్లినిక్కులే.

మన ఆడవారు రారు, మనవల్ల కాదు అనే మాటను నేను ఒప్పుకోను. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో మొదలుపెట్టి మురికివాడల్లోని దాదాపు లక్షన్నర మంది మహిళలతో ఒక అధ్యయనం నడిపారు. పదో తరగతి వరకు చదివిన స్థానిక ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, రెండేళ్లకొకసారి ఈ ఎసిటిక్ ఆమ్లం పరీక్షే చేయించారు. పిలిచినవారిలో 89 శాతం వచ్చారు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. తమిళనాడులోని దిండిగల్ జిల్లా పల్లెల్లో నర్సులు ఒకే ఒక్కసారి చేసిన పరీక్షతో మరణాలు 35 శాతం తగ్గినట్టు 2007లో ప్రచురించారు. ఇవి మనకన్నా ధనిక ప్రాంతాలేమీ కావు. అక్కడ పిలవడానికి వెళ్లినవారికి ఆ మహిళల పేర్లు తెలుసు, అనుమానం తేలితే తరువాత ఎక్కడికి తీసుకువెళ్లాలో ముందే నిర్ణయించి పెట్టుకున్నారు.

సమాధానం: కొబ్బరితోట (శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం)

డాక్టరు గారు చెప్పిన దానికి మా ప్రాంతపు అనుభవం ఒకటి జోడిస్తాను. నేను ఉపాధ్యాయుడిని, వైద్యరంగం వాడిని కాను. కానీ మా ఉద్దానంలో పరీక్షల పేరు చెబితే జనం ఎందుకు ముఖం తిప్పుకుంటారో నాకు బాగా తెలుసు.

కిడ్నీ జబ్బు వల్ల మా పల్లెల పేర్లు దేశమంతటా తెలిశాయి. ఎన్నో ఏళ్లుగా ఎందరో వచ్చి మా రక్తం తీసుకున్నారు, మూత్రం తీసుకున్నారు, బావి నీళ్లు సీసాల్లో పట్టుకువెళ్లారు. ఇచ్చినవారిలో చాలామందికి తమ ఫలితం ఏమిటో ఇంతవరకు తెలియదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైన తరువాత చికిత్స దగ్గరయింది, అది నిజంగా మేలు. కానీ అంతకుముందు సంవత్సరాలు మిగిల్చిన అనుభవం జనం మనసులో అలాగే ఉంది. "తీసుకెళ్లినోలు మళ్లీ కనబడరు" అని మా పెదనాన్న అంటారు. ఇప్పుడు క్యాన్సర్ పరీక్ష అని వచ్చినవారు కొత్తవారైనా, ఊరికి మాత్రం పాతవారే మళ్లీ వచ్చినట్టు ఉంటుంది. కాబట్టి చంపావతి గారూ, రెండోసారి రాకపోవడానికి కారణం బహుశా మొదటిసారిలోనే ఉంటుంది. మొదటి విడతలో వచ్చినవారికి "మీకు ఏమీ లేదు, మళ్లీ ఫలానా సంవత్సరం రావాలి" అని ఎవరైనా నోటితో చెప్పారా, చేతికి కాగితం ఇచ్చారా? ఏమీ లేదని తేలితే ఏమీ చెప్పనక్కరలేదని సిబ్బంది అనుకుంటారు. పరీక్షకు వెళ్లినవారికి ఆ మాట వినాలనే ఉంటుంది.

మా బంధువుల్లో ఒకామె నోటిలో తెల్లమచ్చ చూపించుకున్నారు. ఒక పెద్ద ఆసుపత్రికి రాసి పంపితే అక్కడ ఒక రోజు ఓపీ చీటీ కోసం, మరో రోజు ముక్క తీయడానికి, ఇంకో రోజు రిపోర్టు కోసం తిరిగారు. తిరిగిన ప్రతిరోజూ జీడిపప్పు బట్టీలో కూలి పోయింది, తోడు వెళ్లిన కొడుకు కూలి కూడా పోయింది. చివరికి ఆమెకు క్యాన్సర్ కాదని తేలింది, అందరం సంతోషించాము. అయినా ఆ వీధిలో ఆమె కథ విన్న ఆడవారు "మంచిగున్నోలికి ఎందుకొచ్చిన తిప్పట?" అనుకున్నారు. ఆమెకు జబ్బు లేదన్న మాటకన్నా ఆమె తిరిగిన తిరుగుడే ఊళ్లో ఎక్కువగా పాకింది.

ఇక నోటి పరీక్ష గురించి ఒక ముఖ్యమైన సంగతి. మన ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటు ఉంది, అంటే చుట్ట కాలే కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం. ఇతర ప్రాంతాల డాక్టర్లకు ఇది వింతగా ఉంటుంది. మన పెద్దమ్మలకు, నాయనమ్మలకు మాత్రం పొలంలో, ఉప్పుగాలిలో చుట్ట ఆరిపోకుండా ఉండే పద్ధతి. 1971లో ప్రచురించిన ఒక సర్వేలో శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని చూస్తే 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారేనని తేలింది. వారిలో ఆడవారే ఎక్కువ. నిప్పు వేడి నేరుగా తగిలేది అంగిటికి కాబట్టి ఇక్కడి క్యాన్సర్ ఎక్కువగా అంగిట్లో వస్తుంది. బుగ్గల లోపల, నాలుక పక్కన చూసి "బాగుంది" అని పంపిస్తే మా ప్రాంతంలో అసలు చోటును చూడనట్టే. తల బాగా వెనక్కి వాల్చమని, కట్టుడు పళ్లుంటే తీయమని చెప్పి, టార్చి పైకి వేసి చూడాలి. అంగిలి తెల్లబడి మధ్యలో ఎర్రని చుక్కలు ఉండడం అడ్డపొగ తాగేవారిలో తరచు కనబడుతుంది. ఆ తెలుపులో ఒకచోట ఎర్రగా పుండు పడినా, గడ్డలా లేచినా ఆలస్యం చేయకూడదని మా ఊరికి వచ్చిన దంతవైద్యులొకరు విడమరచి చెప్పారు.

ఈ విషయం చెప్పడానికి ఇంకొక కారణం ఉంది. ముంబయి నుంచి వచ్చిన పరిశోధకులు 1960ల నుంచి శ్రీకాకుళం పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, అవే నోళ్లను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూశారు. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం కలిపి 36 వేలకు పైగా పొగాకు వాడేవారితో మాన్పించే ప్రయత్నం కూడా చేశారు, దాని ఫలితాలు 1986లో వచ్చాయి. రోడ్డు సరిగా లేని రోజుల్లో చదువు లేని మన పెద్దవారు ఏటేటా నోరు తెరిచి చూపించారంటే, చూసేవారు ఏటేటా వచ్చారు కాబట్టే. ఊరు సహకరించదన్న మాట నాకు అందుకే మింగుడుపడదు.

సమాధానం: ఏఎన్ఎం, సీనియర్ (శ్రీకాకుళం జిల్లా)

నేను చెప్పేవి చిన్న విషయాలు. పై సమీక్షల్లో వీటికి చోటు ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మన రాష్ట్రంలో గర్భసంచి తీయించుకున్న ఆడవారు చాలా ఎక్కువ. డాక్టరు గారు చెప్పిన ఆ నాలుగో సర్వేలోనే మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్లవారిలో దాదాపు 9 శాతం మందికి ఆ ఆపరేషన్ జరిగిందని ఉంది, దేశ సగటు 3.2 శాతం. దీనివల్ల మాకు రెండు చిక్కులు. మొదటిది, ఆపరేషన్ అయినవారు "సంచే లేనప్పుడు పరీక్ష ఏటి?" అని మూడింటికీ రారు. ముఖద్వారంతో సహా తీసేసి ఉంటే, అది క్యాన్సర్ వల్ల చేసిన ఆపరేషన్ కాకుంటే, ఆ ఒక్క పరీక్ష అక్కరలేదు. రొమ్మూ నోరూ చూపించుకోవాలి కదా. కొందరికి పైభాగం మాత్రమే తీసి ముఖద్వారం ఉంచుతారు, ఆ సంగతి వారికే తెలియదు, పాత డిశ్చార్జి కాగితం తెమ్మని అడిగి చూడాలి. రెండో చిక్కు ఇంకా లోతైనది. చాలామందికి ఆ ఆపరేషన్ చేసేటప్పుడు "ఉంచితే క్యాన్సర్ వస్తుంది" అని భయపెట్టే చేశారు. అందుకని మేము క్యాన్సర్ పరీక్ష అనగానే "మా కోడలి సంచి తీసేయాలంటారు కాబోలు" అని అత్తగార్లు అడ్డుపడతారు. నేను ఇప్పుడు ఇంటికి వెళ్లినప్పుడు ఈ భయం సంగతే మొదట ఎత్తుతున్నాను. ముఖద్వారం మీద తెల్లమచ్చ కనబడినంత మాత్రాన సంచి తీయరని, చిన్న మచ్చ అయితే వేడితోనో చలువతోనో అక్కడికక్కడే మాడ్చి ఇంటికి పంపుతారని, మత్తు ఇచ్చి పడుకోబెట్టే ఆపరేషన్ కాదని నెమ్మదిగా చెబితే, ముఖ్యంగా అత్తగారికి చెబితే, తలుపు తెరుచుకుంటుంది.

తరువాత గది. చాలా క్లినిక్కుల్లో పరీక్ష బల్ల కిటికీ పక్కన ఉంటుంది, తలుపుకు లోపల గడియ ఉండదు, బీపీ బిళ్లలకోసం వచ్చిన మగవారు బయట బెంచీ మీద కూర్చుని ఉంటారు. మాకు తెర కావాలని అడిగి అడిగి, చివరికి సంఘంవారే పాత చీరలు రెండు కలిపి కుట్టి ఇచ్చారు. ఆ ముదురురంగు తెర కట్టాక, పరీక్ష రోజున మగవారికి మధ్యాహ్నం రమ్మని చెప్పాక వచ్చిన మార్పు ఏ పోస్టరు వల్లా రాలేదు. పరీక్ష చేసేటప్పుడు ప్రతి అడుగూ ముందు చెప్పి చేయాలి. చల్లటి పరికరాన్ని గోరువెచ్చని నీటిలో ముంచి తుడిచి వాడాలి. ఒకామె నొప్పి పడి వెళితే ఆ వీధి మొత్తం మనకు దూరమవుతుంది.

పనుల కాలం చూడాలి. ఉభాల రోజుల్లో, కోతల రోజుల్లో శిబిరం పెడితే ఎవరూ రారు. ఉపాధి పనులు జరిగే రోజుల్లో పని చోటికే వెళ్లి నోరు చూడవచ్చు. మగవారు దొరికేది అక్కడ, తీరంలో అయితే ఏటా ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు వేట నిషేధం ఉండే రెండు నెలల్లో. సంక్రాంతికి వలస వెళ్లినవారంతా ఊరికి వస్తారు. కనుమ మరునాడు పెట్టిన నోటి పరీక్షకు మా దగ్గర ఎప్పుడూ కనబడని మగవారు వచ్చారు.

సమాధానం: వేగావతి (బొబ్బిలి దగ్గర ఊరు, ప్రస్తుతం ఇంగ్లండ్)

చంపావతి గారు వేరే చోట్ల ఏమి చేశారని అడిగారు కాబట్టి రాస్తున్నాను. నేను ఇక్కడ ఒక డాక్టరు క్లినిక్‌లో నర్సుగా ఉన్నాను, గర్భాశయ ముఖద్వార నమూనాలు తీయడం నా రోజువారీ పని.

ఇంగ్లండ్‌లో ఈ పరీక్ష 1960ల మధ్యలోనే మొదలైంది. కానీ రెండు దశాబ్దాల పాటు ఎవరికి వారు అడిగితే, డాక్టరుకు గుర్తొస్తే చేసేవారు. ఆరోగ్యం గురించి ముందే శ్రద్ధ ఉన్నవారికి పదే పదే జరిగేది, అవసరమైనవారికి జరిగేది కాదు. 1988లో ప్రతి మహిళనూ కంప్యూటరు జాబితాలో చేర్చి, వంతు రాగానే పేరున ఉత్తరం పంపి, రాకపోతే మళ్లీ గుర్తుచేసే పద్ధతి పెట్టారు. పరీక్ష జరిగినవారు ఆ ఏడు 42 శాతం ఉండగా 1994 నాటికి 85 శాతమయ్యారు. వాడిన పరీక్ష మునుపటిదే. పిలిచే తీరు మాత్రం మారింది.

వార్తల ప్రభావం ఎంతసేపు ఉంటుందో కూడా ఇక్కడ చూశారు. టీవీ ద్వారా అందరికీ తెలిసిన జేడ్ గూడీ 2009 మార్చిలో, 27 ఏళ్ల వయసులో, ఇదే క్యాన్సర్‌తో చనిపోయారు. 2008 మధ్య నుంచి 2009 మధ్య వరకు ఇంగ్లండ్‌లో అదనంగా దాదాపు అయిదు లక్షల పరీక్షలు జరిగాయి. ఆ ఉప్పెన నిలవలేదు, తరువాతి సంవత్సరాల్లో అంకెలు మళ్లీ దిగుతూ వచ్చాయి. ఇటీవల 70 శాతం దిగువకు చేరాయి. పిలుపు ఇప్పటికీ వెళుతోంది, కానీ వయసులో ఉన్నవారు పని వేళల వల్ల, సిగ్గు వల్ల, మునుపు నొప్పి కలిగినందువల్ల వాయిదా వేస్తున్నారు. సీనియర్ ఏఎన్ఎం గారు రాసినవే ఇక్కడా కారణాలు. ఆ తెర గురించి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

దీనికి ఒక దారి దొరుకుతోంది. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఉందో లేదో చూసే పరీక్షకు నమూనాను మహిళ తానే తీసుకోవచ్చు, ఒక మెత్తని పుల్లతో, తెర వెనుక ఒంటరిగా. ఆస్ట్రేలియాలో 2022 జూలై నుంచి ప్రతి మహిళకూ ఈ అవకాశం ఇచ్చారు. పేగు క్యాన్సర్‌కు ఇక్కడ కిట్‌ను టపాలో ఇంటికే పంపుతారు. మూడు రోజుల నమూనాలు అడిగే పాత పరీక్ష స్థానంలో ఒకే నమూనా చాలే పరీక్షను 2019లో తెచ్చాక నమూనా పంపినవారు బాగా పెరిగారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లా పల్లెల్లో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు సగానికి తగ్గాయని 2009లోనే వచ్చింది. కనుక మన నేలకు ఇది కొత్త మాట కాదు. ధర, ప్రయోగశాల ఈ రెండూ పల్లెకు అందవలసి ఉంది.

చంపావతి (విజయనగరం జిల్లా)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కొబ్బరితోట గారి ప్రశ్నకు జవాబు: నోటితో చెప్పాము, కాగితం ఇవ్వలేదు. రేపటి నుంచి ఓపీ చీటీ వెనుకే తేదీ, చూసిన పరీక్షలు, మళ్లీ రావలసిన సంవత్సరం రాసి ఇస్తాము. అంగిలి చూసే పద్ధతిని మా ఆశాలకు చూపిస్తాను, వేట నిషేధ కాలానికి మగవారి జాబితా తయారుచేస్తాను. డాక్టరు గారిని ఒక్కటి అడగాలి. అనుమానం తేలి పై ఆసుపత్రికి రాసినా వెళ్లనివారు మా రిజిస్టరులో ఉన్నారు. కొత్తవారిని పిలవడానికి ముందు వీరి వెంటబడాలా? సిబ్బంది తక్కువ, రెండూ ఒకేసారి చేయలేము.

సమాధానం: విశ్రాంత వైద్యుడు, ప్రజారోగ్య విభాగం

ముందు వారి వెంటబడండి. ముంబయి అధ్యయనంలో కూడా పరీక్షకు 89 శాతం వస్తే, నిర్ధారణకు వెళ్లినవారు 79.4 శాతమే. అంత ఏర్పాటు ఉన్నచోటే అయిదుగురిలో ఒకరు ఆగిపోయారు. మీ రిజిస్టరులో ఆ పేర్లను వేరే పేజీలోకి ఎక్కించి, ఎవరు ఎక్కడ ఆగారో రాయండి: బస్సు ఖర్చు దగ్గరా, తోడు లేకా, భయం వల్లా, ఒకసారి వెళ్లి తిరిగివచ్చేశారా. అందరినీ ఒకే రోజున, ఒక ఆశాను తోడిచ్చి పంపే ఏర్పాటు చేయమని మీ పీహెచ్‌సీ డాక్టరును అడగండి. వెళ్లేముందు అక్కడి విభాగానికి ఫోను చేసి, అదే రోజు ముక్క తీసేలా మాట్లాడుకోండి. రిపోర్టు కోసం రోగి మళ్లీ వెళ్లనక్కరలేకుండా అది మీ క్లినిక్‌కే వచ్చేలా చూడండి. క్యాన్సర్ అని తేలితే వైద్య సేవ పథకం కింద చికిత్స ఉంది. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ముంబయికి పరుగెత్తవలసిన పని లేదని కుటుంబానికి ముందే చెప్పండి.

ఆ పేజీలో నోటి మచ్చల వారు ఉంటే మొదటి బస్సులో వారిని, ముఖ్యంగా అడ్డపొగ తాగేవారిని ఎక్కించండి. ఆధార్, రేషన్ కార్డు, పాత కాగితాలు ముందురోజు సాయంత్రమే సంచిలో పెట్టుకున్నారో లేదో ఆశాతో చూపించండి. ఒక్క కాగితం లేక వెనక్కి వచ్చినవారు మళ్లీ బయలుదేరరు.